గంధపు చెట్టుకు ముందు కంచె

మొలొకాయ్ దీవిలో, కొండ మీది అడవిలోకి పోయే మట్టి దారి పక్కన ఒక పెద్ద గుంత ఉంది. ఓడలో సరుకు పేర్చే అర ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉంటుందో ఆ కొలతకే తవ్విన గుంత. 1800ల తొలి దశాబ్దాల్లో హవాయి జనం కొండల్లో గంధపు చెట్లు నరికి, దుంగలు తెచ్చి అందులో పేర్చేవాళ్ళు. గుంత నిండితే ఓడకు సరిపడా సరుకు చేరినట్టే. అప్పుడు ఆ దుంగలన్నీ వీపులకు కట్టుకుని రేవుకు దిగేవాళ్ళు.

హవాయి గంధపు చెట్టును ఇక్కడివాళ్ళు ఇలియాహి అంటారు. దాని గురించి ఎవర్ని కదిపినా మొదట ఈ గుంత కథే వస్తుంది. రాజుల ఆశ, అమెరికన్ వర్తకుల గడుసుతనం, చైనాలో అగరుబత్తుల గిరాకీ, మధ్యలో నలిగిపోయిన రైతు, గొడ్డలి. కథ నిజమే. నా పేచీ అది సగం కథ కావడంతోనే. ఆ సగాన్నే పట్టుకుని కూర్చోవడం వల్ల ఇవాళ చెట్టు కోసం పెట్టే డబ్బు, శ్రమ చాలావరకు తప్పు చోటుకు పోతున్నాయని, హవాయి దీవుల్లో అన్నిటికంటే పెద్దదైన బిగ్ ఐలండ్‌లో ఉంటూ తీరిక దొరికినప్పుడల్లా మొక్కల పనికి వెళ్ళే మనిషిగా నాకు గట్టిగా అనిపిస్తుంది.

ముందు ఆ సగం కథ చెప్పుకుందాం, ఎందుకంటే దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

దీవులన్నిటినీ 1810 నాటికి తన కిందికి తెచ్చుకున్న మొదటి కమేహమేహా, గంధం వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. 1812లో బోస్టన్ ఓడ కెప్టెన్లతో ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత ఇంకొకరి ఓడ ఎందుకని సొంత ఓడలోనే సరుకు చైనా రేవు కాంటన్‌కు పంపాడు. అక్కడ రేవు సుంకాలు, దారి చూపే పైలట్ల రుసుములు పోను లాభం కరిగిపోయింది. అయితే ఆ లెక్క చూసి, 'ఓహో, రేవుకు కూడా డబ్బు వసూలు చేయొచ్చన్నమాట' అని హొనలూలు రేవులో సుంకం పెట్టాడట. అంత తెలివైన వ్యాపారి. లేత చెట్లను నరకొద్దని కట్టడి కూడా చేశాడని చెబుతారు.

1819లో అతను పోయాడు. కొడుకు లిహోలిహో చేతుల్లోకి వచ్చేసరికి గంధం మీద పట్టు నాయకులందరికీ పంచినట్టయింది. వర్తకులు సరుకు ముందే ఇచ్చేవాళ్ళు, గంధం తర్వాత ఇమ్మనేవాళ్ళు. పట్టుబట్టలు, బిలియర్డ్స్ బల్లలు, ఓడలు, అన్నీ అప్పు మీదే. 1820లో లిహోలిహో 'క్లియోపాట్రాస్ బార్జ్' అనే షోకు ఓడను 8,000 పికల్‌ల గంధానికి బేరమాడి కొన్నాడు. పికల్ అంటే సుమారు 60 కిలోలు. 1824లో, రాజు ఇంగ్లండ్ ప్రయాణంలో ఉండగానే, ఆ ఓడ కావాయి దీవిలో హనలేయ్ తీరాన చెడిపోయింది. కొండ మీద నిలబడి ఉన్న చెట్టు మీద ముందే అప్పు రాసేసుకోవడమంటే ఇదే. పంట చేలో ఉండగానే షావుకారు దగ్గర వాడుకోవడం మన పల్లెల్లో తెలియనిదేం కాదు, కానీ మన పంట మళ్ళీ ఏడాది వస్తుంది. గంధపు చేవ ఏర్పడడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది.

1823లో విలియమ్ ఎల్లిస్ అనే మిషనరీ బిగ్ ఐలండ్ చుట్టూ తిరుగుతూ కవాయ్‌హాయ్ దగ్గర ఒక దృశ్యం చూసి రాసుకున్నాడు: రెండు మూడు వేల మంది మగవాళ్ళు, 'టీ' అనే హవాయి మొక్క ఆకులతో (తేయాకు కాదు) పేనిన పట్టెలతో గంధపు దుంగలు వీపులకు కట్టుకుని, బారులు తీరి కొండ దిగుతున్నారు. ఆ మోతకు వీపులు కాయలు కాచిన మనుషులకు హవాయి భాషలో ఒక పేరే ఉంది, కువా లేహో అని. 1826లో అమెరికా యుద్ధనౌకలు వచ్చి నాయకుల అప్పుల లెక్క తేల్చమన్నాక, ఆ భారం పన్నుగా జనం మీద పడింది. ప్రతి మగవాడూ 1827 సెప్టెంబరు 1 లోపు అర పికల్ గంధం గానీ, నాలుగు స్పానిష్ డాలర్లు గానీ కట్టాలి. ఆడవాళ్ళు చాపో, చెట్టు బెరడుతో చేసే కాపా బట్టో ఇవ్వాలి. చేలు పాడుపడ్డాయి, కరువులు వచ్చాయి. తమ పిల్లలకు ఈ చాకిరీ తప్పాలని జనం గంధపు మొలకలను కనబడ్డ చోటల్లా పీకేశారని ఒక మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట గుర్తుంచుకోండి, దానితో నాకు పని ఉంది.

1829 చివర్లో ఓవాహు గవర్నరు బోకీ, అప్పులు తీర్చడానికి ఇక్కడ గంధం చాలక, వందల మందిని రెండు ఓడల్లో ఎక్కించుకుని, ఇప్పుడు వనువాటు అనే దీవుల వైపు గంధం వెతుక్కుంటూ బయలుదేరాడు. అతని ఓడ మళ్ళీ కనిపించలేదు. రెండోది కొద్దిమందితో తిరిగొచ్చింది. 1840 నాటికి వ్యాపారం దాదాపు అయిపోయింది.

ఇక్కడ ఆపేస్తారు అందరూ. 1840 నుంచి ఇప్పటికి దగ్గర దగ్గర 185 ఏళ్ళు. గొడ్డలి ఆగిపోయి అన్నాళ్ళయితే, మరి అడవి ఎందుకు తిరిగి రాలేదు?

ఎందుకంటే ఇలియాహి అంత సులువుగా చచ్చే చెట్టు కాదు. మొత్తం ఆరు రకాలు, ఆరూ ఈ దీవులకే సొంతం. సముద్రపు ఉప్పు గాలిలో పొదలా పాకే రకం ఉంది, మావిలో హాలెయాకలా కొండ ఎత్తుల్లో ఉండే రకం ఉంది. మా బిగ్ ఐలండ్ రకం, శాంటలం పానిక్యులాటమ్, మొదలు నరికితే వేళ్ళ మీంచి పిలకలు వేస్తుంది. మొద్దు చుట్టూ, కొన్నిసార్లు మొద్దుకు బాగా దూరంగా కూడా. వేళ్ళతో సహా తవ్వుకుపోయిన చోట, వాసన బట్టి చెట్టు ఎక్కడుందో పసిగట్టడానికి గడ్డికి నిప్పు పెట్టారంటారే ఆ చోట్ల, నష్టం వేరు. మిగతా చోట్ల మాత్రం చెట్టు తిరిగి లేవడానికి తన ప్రయత్నం తను చేసింది. లేచిన ప్రతి పిలకనూ ఎవరో తినేశారు.

ఎవరు తిన్నారో కూడా పేర్లతో, తేదీలతో సహా రాసి ఉంది. 1778లో కెప్టెన్ కుక్ నిహావు దీవిలో మేకలు వదిలాడు. 1793లో జార్జ్ వాంకూవర్ కమేహమేహాకు ఆవులు, ఎద్దులు కానుకగా తెచ్చి, పదేళ్ళపాటు వాటిని ముట్టొద్దని కట్టడి పెట్టించాడు. పదేళ్ళు ఎవరూ ముట్టకపోతే పశువులు ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు. కొన్ని దశాబ్దాల్లో మా బిగ్ ఐలండ్‌లోని మౌనా కేయా కొండ వాలులు అడవి పశువులతో నిండిపోయాయి. వాటిని పట్టడానికి గోతులు తవ్వేవాళ్ళు. 1834లో డేవిడ్ డగ్లస్ అలాంటి గోతిలోనే, అందులో పడి ఉన్న ఎద్దుతో పాటు, శవమై దొరికాడు. డగ్లస్ ఫర్ చెట్టుకు పేరిచ్చిన వృక్షశాస్త్రవేత్త అతనే. మొక్కలు వెతుక్కుంటూ వచ్చిన మనిషి, మొక్కల్ని తినేసే పశువు కోసం తవ్విన గోతిలో పోయాడు.

మన తెలుగువాళ్ళకు ఇందులో ఒక చిన్న వాటా కూడా ఉంది. 1860లలో అయిదో కమేహమేహాకు హాంగ్‌కాంగ్ నుంచి కానుకగా వచ్చిన జింకలు మన చుక్కల దుప్పులే. నల్లమలలో కనిపిస్తే ఎంత ముచ్చటేస్తుందో, ఇక్కడ చూస్తే నాకు అంత గుండె దడ. నల్లమలలో పులి ఉంది, చిరుత ఉంది, రేసుకుక్క ఉంది. మొలొకాయ్, లానాయ్, మావి దీవుల్లో తుపాకీ తప్ప దాన్ని ఆపేది లేదు. లానాయ్ దీవి గంధాన్ని 1986లో అంతరించిపోయే జాతుల జాబితాలో చేర్చారు. దానికి ప్రమాదాలు ఏమిటని చూస్తే, దుప్పులు మొక్కలను కొరకడం, ఎలుకలు గింజలను తినడం అందులో ముందు వరసలో ఉంటాయి.

దీవుల చెట్లకు ఈ దాడి అసలు కొత్త. మనిషి కాలు పెట్టక ముందు హవాయిలో నేల మీద నడిచే క్షీరదమే లేదు. గబ్బిలం ఒకటి ఎగిరి వచ్చింది, సముద్రంలో బతికే సీలు ఒకటి ఒడ్డుకు పాకేది. ముల్లు, చేదు, విషం ఎందుకు పెంచుకోవాలో మొక్కలకు తెలిసే అవకాశమే లేకపోయింది. చిలీకి చెందిన హువాన్ ఫెర్నాండెజ్ దీవుల్లో కూడా ఒక గంధపు జాతి ఉండేది. రాబిన్సన్ క్రూసో కథకు ఊపిరి పోసిన సెల్కర్క్ అనే నావికుడు మేకల్ని వేటాడి బతికాడే, ఆ దీవులే. 1908లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ స్కాట్స్‌బెర్గ్ అక్కడ మిగిలిన ఒకే ఒక్క చెట్టును ఫొటో తీశాడు. ఆ తర్వాత బతికున్న చెట్టును ఎవరూ చూడలేదు.

కాబట్టి నా వాదన సూటిగా చెప్తాను. గొడ్డలి చెట్లను తీసుకుపోయింది. అడవిని రానివ్వనిది మాత్రం నోరు. గొడ్డలి కథ చెప్పుకుంటే తిట్టడానికి మనుషులు దొరుకుతారు, వాళ్ళు చచ్చిపోయి చాలా కాలమైంది కూడా, ఎవరికీ ఇబ్బంది లేదు. నోటి కథ చెప్పుకుంటే ఇప్పుడు, ఈ ఏడాది, కంచెకు డబ్బు పెట్టాలి.

కంచె ఏం చేయగలదో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ గంధానిది కాదు, ఒక చిక్కుడు తీగది. హవాయి వాల్కనోస్ నేషనల్ పార్క్‌లో యాభై ఏళ్ళపాటు మేకలను పడుతూనే, చంపుతూనే ఉన్నారు. 1970 నాటికి అలా తీసేసినవి దాదాపు 70,000. అయినా పార్కులో ఇంకా వేలకొద్దీ మేకలు మిగిలే ఉన్నాయి, ఎందుకంటే ఈ వైపు చంపుతుంటే ఆ వైపు నుంచి వస్తున్నాయి, మిగిలినవి ఈనుతున్నాయి. 1960ల చివర్లో, మేకలు బోడి చేసిన సముద్రపు దిగువ నేలలో, పరీక్ష కోసం ఒక చిన్న నేల ముక్కకు కంచె వేశారు. కొంతకాలానికి లోపల ఒక తీగ మొలిచి అల్లుకుంది. అదేం తీగో ఎవరికీ తెలీదు. తీరా చూస్తే శాస్త్రానికే కొత్త జాతి అన్నారు అప్పట్లో. మేకలు మొలిచింది మొలిచినట్టు కొరికేస్తున్నా గింజలు మట్టిలో కాచుకుని ఉన్నాయన్నమాట. ఆ తీగే పార్కు అధికారుల మనసు మార్చిందంటారు. 1970లలో పార్కును గళ్ళు గళ్ళుగా కంచెలతో విడగొట్టి, ఒక్కో గడిలో మేకలను పూర్తిగా ఏరేశారు. యాభై ఏళ్ళ వేట చేయలేనిది కంచె పదేళ్ళలో చేసింది.

ఇంకొకటి: ఓవాహు పడమటి కొస, కయేనా పాయింట్. అక్కడ తీరపు గంధం నేలబారుగా పెరుగుతుంది. 2011లో ఆ కొసకు అడ్డంగా, ఎలుక కూడా దూరలేని సన్న వలతో, ఆరడుగుల పైచిలుకు ఎత్తున కంచె కట్టి, లోపలి ఎలుకలను, ముంగిసలను, పిల్లులను ఏరేశారు. అమెరికాలో ఆ తరహా కంచె అదే మొదటిది. కట్టింది ముఖ్యంగా సముద్రపు పక్షుల కోసం. ఆల్బట్రాస్ పిల్లలతో పాటు నేల మీద పడ్డ గింజలకూ ప్రాణం దక్కింది. మీరు హొనలూలు వస్తే వైకీకీలో ఒక సాయంత్రం తగ్గించుకుని అక్కడికి నడవండి. తలుపులు రెండుంటాయి. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది.

దీనికి వ్యతిరేకంగా బలమైన మాట ఒకటి ఉంది, అది వేటగాళ్ళది. నేను దాన్ని కొట్టిపారేయలేను. ఇక్కడ చాలా ఇళ్ళలో పంది మాంసం, దుప్పి మాంసం ఫ్రీజర్‌లో ఉంటేనే నెల గడుస్తుంది. హవాయిలో కిరాణా ధరలు ఎలా ఉంటాయో ఇక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. 1970ల చివర్లో పలీలా అనే చిన్న పిట్ట పేరు మీదే కోర్టులో కేసు వేశారు. మౌనా కేయా మీద మామనే చెట్ల కాయలు తిని బతికే పిట్ట అది. ప్రభుత్వం వేట కోసం అక్కడే మేకలను, గొర్రెలను ఉంచడం ఆ పిట్టకు హాని చేయడమేనని 1979లో కోర్టు తీర్పు చెప్పింది. పిట్ట గెలిచింది. అదే మామనే అడవి మా గంధానికీ ఇల్లు కాబట్టి గంధమూ గెలిచినట్టే. కానీ ఆ గెలుపు మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు, కొండ మీద వేటకు పోయిన తాత, మనవడు ఇద్దరి దగ్గరా అది వినొచ్చు. కొండంతా మాకే కావాలని మొక్కల మనుషులు అనడం కూడా తప్పే. వేటకు చోటు వేటకు ఉండాలి, దాని పక్కనే కంచె లోపల చోటు చెట్టుకు ఉండాలి. కంచె లేకుండా రెండూ ఒకే చోట ఉండాలనేదే ఇప్పటిదాకా నడిచింది. అందులో ప్రతిసారీ ఓడింది చెట్టే.

ఇక నాటడం సంగతి. ఇక్కడే నాకు ఎక్కువ చికాకు.

గంధం పక్క చెట్టు మీద ఆధారపడే చెట్టు. మన మామిడి కొమ్మల మీద పట్టే బదనిక కూడా ఈ గంధపు వర్గంలోదే. తేడా ఏమిటంటే బదనిక కొమ్మను పట్టుకుంటుంది, గంధం నేల కింద వేరును పట్టుకుంటుంది. వేరు కొసల్లో చిన్న బుడిపెలు పుట్టి, పక్క చెట్టు వేరుకు అతుక్కుని, లోపలికి చొచ్చుకుని నీళ్ళు, ఖనిజాలు లాగుతాయి. ఆకులు పచ్చనివే కాబట్టి ఎండతో చేసుకునే తిండి తనే చేసుకుంటుంది. పక్కన తోడు లేకపోతే మొక్క కొన్నాళ్ళు బతికినట్టే ఉంటుంది, తర్వాత ఎదుగు బొదుగు లేక పసుపు తిరిగి పోతుంది.

హిందూపురం దగ్గర మా బావ శ్రీగంధం పెట్టాడు. ఫోన్లో ఈ మాట వస్తే నవ్వాడు. "కొత్తగా చెప్తావేం బామ్మర్దీ, కంది లేకుండా గంధం యాడ బతుకుతుంది?" అన్నాడు. నర్సరీ కవర్లోనే పొన్నగంటి తీగతో కలిపి ఇస్తారు, చేలో పెట్టాక కంది, ఆ తర్వాత సరుగుడో మరొకటో. అనంతపురం రైతుకు ఇది మొదటి పాఠం. హవాయిలో దాని స్థానంలో కోఆ (పాలకోవా అనుకునేరు, తుమ్మ జాతి పెద్ద చెట్టు ఇది), మామనే, అఅలిఇ ఉంటాయి. ఈ చివరిది చూసి నేను మొదట ఆశ్చర్యపోయాను. మన రాయలసీమ, తెలంగాణ గుట్టల మీద బందారు అని పిలిచే పొద ఉంటుందే, అచ్చంగా అదే జాతి. గాలికి, నీటికి సముద్రాలు దాటి ఇక్కడికీ వచ్చి, మనిషి కంటే ముందే కాపురం పెట్టింది.

ఇంత తెలిసీ, ఇక్కడ మొక్కలు నాటే పండుగలు ఎలా జరుగుతాయంటే: బడి పిల్లలు, టీ షర్టులు, ఒక్కొక్కరి చేతిలో ఒక ఇలియాహి మొక్క, ఫొటోలు, 'ఇవాళ ఇన్ని వందల గంధపు మొక్కలు' అని ప్రకటన. పేరెందుకు గానీ, ఒక సంస్థ నాటించిన అలాంటి చోటుకు మరుసటి వేసవిలో వెళ్ళాను. కంచె ఒక పక్క తెగి ఉంది. తోడు మొక్కలు పెట్టనేలేదు, 'రెండో దశలో' పెడతారట. గొర్రెల అడుగులున్నాయి. మొక్కల పక్కన పాతిన చిన్న జెండాలు మాత్రం ఎక్కడివి అక్కడ ఉన్నాయి. మన దగ్గర వనమహోత్సవాల లెక్కలు చూసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. నాటిన మొక్కల సంఖ్యను కొలతగా పెట్టుకుంటే నాటడమే జరుగుతుంది. అదే డబ్బుతో ముందు కంచె, తర్వాత ఫౌంటెన్ గ్రాస్ తీయడం (మా దీవి పడమటి తీరం, కోనా వైపు ఎండు అడవుల్లో మంటలకు ఆ విదేశీ గడ్డే పెద్ద ఆజ్యం), ఆ తర్వాత కోఆ, బందారు, అన్నిటికంటే చివర గంధం. ఆ క్రమంలో చేస్తే మొదటి రెండు మూడేళ్ళు ఫొటోకు ఏమీ ఉండదు. నిధులిచ్చేవాళ్ళకు అదే మింగుడు పడదు.

గింజ మొలిపించడం కూడా ఓపిక పనే. నల్లబారిన పండు గుజ్జు పూర్తిగా కడిగేయాలి, లేకపోతే బూజు పట్టి లోపలే కుళ్ళుతుంది. నీడలో ఆరబెట్టి, పెంకు కొసను కాస్త గీకి, జిబ్బరెలిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెడతాం. ద్రాక్ష తోటలవాళ్ళు గెలల మీద కొడతారే, అదే మందు. పెర్లైట్ కలిపిన తేలిక మట్టిలో పెడితే నెలకు ఒకటి, మూడు నెలలకు ఇంకొకటి, తన ఇష్టం వచ్చినప్పుడు మొలుస్తుంది. ఆకులు పాలిపోతే మొక్కకు అందే రూపంలో ఇనుము ఇవ్వాలి. వేరును కదిపితే ఊరుకోదు. ఎలుక వాసన చూసిందంటే ట్రే మొత్తం ఖాళీ.

ఇక చివరి తగువు, అన్నిటికంటే వేడిది: ఈ చెట్టును కొట్టి అమ్ముకోవచ్చా?

చట్టం ఏం చెబుతుందో ముందు అనుకుందాం. అంతరించే జాబితాలో ఉన్న రకాల సంగతి వేరు. అది కాని గంధాన్ని ప్రైవేటు భూమిలో యజమాని కొట్టుకోవడానికి ఇక్కడ పెద్ద అడ్డేమీ లేదు. 2010 ప్రాంతంలో కోనా కొండల మీద ఒక పాత పశువుల భూమిలో గంధం కొట్టి నూనె తీయడం మొదలైనప్పుడు పెద్ద గొడవ అయింది. మళ్ళీ 1820 వచ్చిందన్నారు. కొట్టేవాళ్ళ వాదన ఏమిటంటే: చచ్చిన, చావబోతున్న చెట్లనే ముందు తీస్తున్నాం, పశువులను బయటికి తోలాం, వేళ్ళ నుంచి పిలకలు లేస్తున్నాయి, నూనె డబ్బుతోనే మొక్కలు పెడుతున్నాం. నాకు ఇష్టమైన వాదన కాదు ఇది. మంచి గింజనిచ్చే పెద్ద చెట్టును కొట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, ఎవరూ చూడని కొండ మీద 'చావబోతున్న చెట్టు' అంటే ఏమిటో నిర్ణయించేది గొడ్డలి పట్టుకున్నవాడే కాబట్టి. కానీ ఒకటి ఒప్పుకోవాలి. పక్క భూమిలో చెట్టును ముట్టకుండా, కింద వంద ఆవుల్ని మేపుతూ, 'మేం ఎప్పుడూ గంధం నరకలేదు' అని చెప్పుకునే యజమాని ఉన్నాడు. అతని చెట్ల కింద ఒక్క పిల్ల మొక్క లేదు. ఉన్న ముసలి చెట్లు పోతే అక్కడ గంధం కథ అయిపోతుంది. అతని మీద ఎవరూ ఉద్యమం చేయరు.

మొత్తం నిషేధించాలనేవాళ్ళకు నేను కర్ణాటకను చూపిస్తాను. 1792లో టిప్పు సుల్తాన్ గంధాన్ని రాజవృక్షం చేశాడు. ఆ పద్ధతే పేర్లు మార్చుకుని రెండు వందల ఏళ్ళు నడిచింది: నీ పొలంలో మొలిచినా చెట్టు సర్కారుదే. దొంగ కొట్టుకుపోతే పోలీసులకు జవాబు చెప్పాల్సింది నువ్వే. రైతు ఏం చేస్తాడు? గట్టు మీద మొలక కనిపిస్తే తలనొప్పి ఎందుకని పీకేసేవాడు. హవాయిలో పిల్లల కోసం మొలకలు పీకిన రైతు, కర్ణాటకలో కేసుల భయానికి పీకిన రైతు, ఇద్దరికీ చెట్టు బరువే అయింది. 2001లో కర్ణాటక చట్టం మార్చి పెంచినవాడిదే చెట్టు అన్నాకే పొలాల్లోకి గంధం తిరిగి రావడం మొదలైంది. సరిహద్దుకు ఇవతల మా బావ లాంటివాళ్ళూ ధైర్యం చేశారు. అయితే దాని వెనకే పదిహేనేళ్ళలో కోట్లు వస్తాయని గంధం ప్లాట్లు అంటగట్టేవాళ్ళూ బయలుదేరారనుకోండి, అది ఇంకో వ్యాసం.

కాబట్టి నా పక్షం ఇది. నాటి పెంచిన చెట్టును పెంచినవాడు అమ్ముకోనివ్వాలి. దానంతట అది అడవిలో పెరిగిన చెట్టును కొట్టాలంటే, ముందు ఆ భూమికి కంచె ఉందా, లోపల పశువులు లేకుండా ఎన్నేళ్ళయింది, కింద పిల్ల చెట్లు ఎన్ని లేచాయి అనేది బయటివాళ్ళు వచ్చి చూడాలి. అవి లేనిచోట ఒక్క కొమ్మ కూడా కదపకూడదు. ఈ మాటకు రెండు వైపులా నాకు స్నేహితులు తగ్గారు.

ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పూజకు గంధం కావాలి, అరగదీసుకోవడానికి చెక్క కావాలి, సింహాచలం అప్పన్న ఏడాదిలో ఒక్కరోజు తప్ప ఎప్పుడూ చందనంలోనే ఉంటాడాయె, మన ప్రేమ నాకు తెలుసు. అందుకే కొందరు పెరట్లో మన శ్రీగంధం మొక్క తెచ్చి పెడుతున్నారు. అది ఈ దీవుల్లో బాగానే పెరుగుతుంది, అదే సమస్య. ఫిజీలో మన శ్రీగంధానికి, అక్కడి సొంత జాతి యాసికి సులువుగా సంకరం కలిసింది, ఇప్పుడు ఆ సంకర మొక్కలనే అక్కడ విరివిగా నాటుతున్నారు. హవాయి అడవి అంచున మీ పెరడు ఉంటే, తేనెటీగకు వీసా అక్కర్లేదు. కొద్దిపాటిగా మిగిలిన సొంత రకాల్లోకి ఆ రక్తం కలిస్తే తిరిగి విడదీయడం ఎవరి తరమూ కాదు.

పెంచాలనే కోరిక ఉంటే ఇలియాహే పెంచండి. ఓవాహులో ఉంటే ఓవాహు రకం, మావిలో ఉంటే మావి రకం. నర్సరీవాళ్ళను గింజ ఏ దీవిది, ఏ కొండదని అడగండి. చెప్పలేకపోతే కొనకండి. ముందు ఏడాది పెరట్లో రెండు మూడు అఅలిఇ పొదలు పెట్టండి, అవి కుదురుకున్నాక గంధాన్ని వాటికి మూడడుగుల దూరంలో పెట్టండి. కోఆ కూడా పనికొస్తుంది గానీ చిన్న పెరటికి మరీ పెద్దది. చుట్టూ సన్న వల చుట్టండి, దాని అడుగును జానెడు లోతు మట్టిలో పూడ్చండి, లేకపోతే ఎలుక కింద నుంచి వస్తుంది.